మే నెల ఒకటో తారీఖు

"ఐదు నెలలు చాలంట."

తొమ్మిది రోజుల తర్వాత రెజీనా కూతురితో అన్న మొదటి మాట అది. అదైనా మొహం చూసి అనలేదు. పొయ్యి వైపు తిరిగి, గిన్నెలో ఉడికిన బంగాళాదుంపల్ని మెదుపుతూ, గోడతో చెప్పినట్టు చెప్పింది.

కెండ్రా కాఫీ కప్పు పట్టుకుని బల్ల దగ్గర కూర్చుని ఉంది. దేనికి ఐదు నెలలు అని అడగబోయింది.

రెజీనాయే చెప్పుకొచ్చింది. నిన్న సాయంత్రం ఊరివాళ్ళ పన్ను కాగితాలు నింపిపెట్టే ఈవర్సోల్ సార్‌కి ఫోన్ చేసిందట. పన్ను కాగితాల్లో పిల్లల్ని రాసుకునే సంగతి అడిగిందట. ఏడాదిలో ఐదు నెలలపాటు, ఒక్కో నెలలో ఒక్క రోజైనా సరే, పూర్తిగా చదువులో ఉన్న పిల్ల ఆ ఏడాదంతా విద్యార్థి కిందే లెక్కట. ఇరవై నాలుగేళ్ళు నిండని విద్యార్థిని తల్లి తన మీద ఆధారపడ్డ బిడ్డగా రాసుకోవచ్చు. ఆ తర్వాత చదువు మానేసినా ఫరవాలేదు.

"నువ్వు మానేసింది ఆగస్టులో కదా," అంది రెజీనా. చెంచా గిన్నెలో వదిలేసి ఒక్కొక్క వేలే ముడిచింది. "జనవరి, ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్, మే. సరిగ్గా ఐదు. ఈ ఏడాదికి గండం గట్టెక్కినట్టే."

పన్ను లెక్క కోసం కాలేజీ పంపిన కాగితం బల్ల మీదే ఉంది. పది రోజుల కిందట ఆ కవరు విప్పింది రెజీనాయే. పోయిన ఏడాది కాగితంలో స్కాలర్‌షిప్పు అంకె ఎంత ఉందో, ఈసారి అందులో సగం కూడా లేదు. కాలేజీ వాళ్ళే పొరపాటు చేశారనుకుని లెక్సింగ్టన్‌లో చదువుతోందనుకున్న కూతురికి ఫోన్ చేసింది. వచ్చి చెప్తానంది కెండ్రా. మర్నాడు బస్సెక్కి వచ్చి, తను కాలేజీలో లేనని ఒప్పుకుంది. ఎందుకని తల్లి అడగలేదు. అప్పటి నుంచీ ఇంట్లో ప్లేట్ల చప్పుడు తప్ప మాటల్లేవు.

రెజీనా అసలే ఈ మధ్య తక్కువ మాట్లాడుతోంది. నవంబరులో పళ్ళన్నీ పీకించుకుంది. పీకడానికి బీమా ఒప్పుకుంది గానీ పెట్టడానికి ఒప్పుకోలేదు. కట్టుడు పళ్ళకి నాలుగు వేల రెండు వందల డాలర్లు అన్నాడు డాక్టరు. ఫిబ్రవరిలో పన్ను డబ్బు తిరిగి వస్తుంది, అప్పుడు పెట్టించుకుంటానంది రెజీనా. ఈ కొండల్లో ఇంటింటికీ అదే మాట. ట్రక్కుకి టైర్లైనా, ఇంటికి కప్పైనా, నోట్లోకి పళ్ళైనా, అన్నీ ఫిబ్రవరిలోనే.

మూడు నెలలుగా ఆమె మజ్జిగలో నలిపిన మొక్కజొన్న రొట్టె, మెదిపిన దుంప తప్ప ఏమీ తినలేదు. బడి వంటశాలలో రోజూ మూడు వందల మంది పిల్లలకి వడ్డిస్తుంది. ఊడిన పన్ను దిండు కింద పెడితే తెల్లారేసరికి డబ్బులవుతాయని నమ్మే వయసున్న ఒకటో తరగతి పిల్ల ఒకతె, ఇన్ని పళ్ళకి నీకు ఎంతొచ్చిందని అడిగిందట. అందరూ నవ్వారు. రెజీనా కూడా నోరు మూసుకునే నవ్వింది.

"తొందరగా తిను," అందిప్పుడు. "పదింటికల్లా లైబ్రరీలో ఉండాలి."

"అమ్మా, మే లేదు."

"ఏం లేదు?"

"మే నెల. ఏప్రిల్ ఇరవై నాలుగున మానేస్తున్నానని రాసిచ్చేశాను. ఇరవై ఆరుకి గది ఖాళీ చేశాను."

రెజీనా పొయ్యి ఆపి, వెనక్కి తిరిగింది. తొమ్మిది రోజుల్లో కూతురి మొహం చూడడం అదే మొదలు.

"ఆగస్టు అన్నావు."

"నేననలేదు. నువ్వనుకున్నావు. నేను కాదనలేదు."

"మరి పరీక్షలు?"

"రాయలేదు."

"బాగా రాశానని ఫోన్ చేశావు నాకు. వంటశాలలో అందరికీ చెప్పుకున్నాను. నాతో వడ్డించే డోరీన్ కేకు చేసి తెచ్చింది."

కెండ్రా తల వంచుకుంది. చెప్పడానికి పెద్ద కథేమీ లేదు. ఊళ్ళో బడికంతటికీ తెలివైన పిల్ల. అక్కడికి వెళ్ళాక కెమిస్ట్రీలో మొదటి పరీక్షకి ముప్పై ఒకటి వచ్చింది, రెండో దానికి ఇరవై ఎనిమిది. పక్కవాళ్ళని అడగడానికి సిగ్గు. మేష్టార్ని అడగడానికి ఇంకా సిగ్గు. మార్చిలో క్లాసులకి వెళ్ళడం మానేసింది. పగలంతా కర్టెను వేసుకుని మంచం మీద పడుకునేది. సున్నాలు పడే కంటే మధ్యలో వదిలేయడం నయమని ఆఫీసులో ఒకావిడ మంచిగానే చెప్పి, ఎక్కడ సంతకం పెట్టాలో చూపించింది. కెండ్రా పెట్టేసింది. తర్వాత ఒక స్నేహితురాలి ఇంట్లో సోఫా మీద చోటు, గిడ్డంగిలో పార్సిళ్ళు సర్దే పని.

ఇదంతా ఆమె ముక్కలు ముక్కలుగా చెప్పింది. రెజీనా మధ్యలో అడ్డురాలేదు. అంతా విన్నాక గోడ మీద కొత్త ఏడాది క్యాలెండర్ దగ్గరికి వెళ్ళి, పేజీలు తిప్పి, ఏప్రిల్ మీద వేలు పెట్టింది.

"ఏడు రోజులు," అంది. "మే ఒకటి దాకా ఇంకో ఏడు రోజులు. ఆ గదిలో పడుకునైనా ఉండలేకపోయావా?"

"అప్పుడు ఈ సంగతి నాకు తెలియదు కదమ్మా."

"తెలిస్తే ఉండేదానివా?"

కెండ్రా నిజంగానే ఆలోచించింది. "ఏమో," అంది.

రెజీనా క్యాలెండర్ వదిలేసింది. మెదిపిన దుంపని రెండు ప్లేట్లలో పెట్టి, ఒకటి కూతురి ముందుకి తోసింది. కాసేపు ఇద్దరూ తిన్నారు. కూతురి ప్లేటు ఖాళీ అయ్యేదాకా చూసి అప్పుడంది.

"సార్ అడిగితే మే అని చెప్పు."

"అమ్మా."

"ఆ కాగితంలో తారీఖుల్లేవు. నేను చూశాను. జనవరిలో మొదలైన చదువని మాత్రమే ఉంది. మే అంటే మే అనే రాసుకుంటాడు."

"నేను చెప్పలేనమ్మా. ఇంక అబద్ధం చెప్పలేను."

రెజీనా లేచి ప్లేట్లు తీసింది. గొంతు పెంచలేదు. పళ్ళు లేని నోట్లో మాటలు మెత్తగానే వచ్చాయి.

"పది నెలలు నాకు చెప్పగలిగావు. ఆయనకి ఒక్క మాట చెప్పలేవా?"

*

లైబ్రరీకి పన్నెండు మైళ్ళు. వాగు పక్కన వంకర రోడ్డు. దారంతా ట్రక్కు హీటరు చప్పుడే వినిపించింది. రేడియో పెట్టబోయిన కెండ్రా చెయ్యి మధ్యలోనే ఆగిపోయింది.

ఈవర్సోల్ సార్ వెనకగదిలో, చిన్న పిల్లల పుస్తకాల అరల మధ్య కూర్చుని ఉన్నాడు. రిటైరై ఐదేళ్ళయింది. ఏటా ఫిబ్రవరి వచ్చిందంటే శనివారాలు ఈ గదిలో కూర్చుని ఊరివాళ్ళ పన్ను కాగితాలు ఉచితంగా నింపిపెడతాడు. రెజీనాకి ఎనిమిదో తరగతిలో లెక్కలు చెప్పాడు, కెండ్రాకీ చెప్పాడు. రెజీనా ఆయన ముందు ఇప్పటికీ కుర్చీ అంచునే కూర్చుంటుంది.

"నా ఇద్దరు స్టూడెంట్లూ ఒకేసారి వచ్చారే," అన్నాడాయన. "పోయినసారి మనం చేసిన పని గుర్తుందా, కెండ్రా?"

గుర్తుంది. పోయిన ఏడు ఆయనే వివరించాడు. స్కాలర్‌షిప్పు అంతా ఫీజుకే పోయిందని రాస్తే దాని మీద పన్ను ఉండదు గానీ, ఫీజు కట్టినందుకు ప్రభుత్వం ఇచ్చే రాయితీ కూడా రాదు. అలా కాకుండా అందులో కొంత గదికీ తిండికీ పోయిందని రాస్తే ఆ కొంత పిల్ల ఆదాయం అవుతుంది. పిల్లకి వేరే ఆదాయం లేదు కాబట్టి పన్ను పడదు. ఆ మేరకి ఫీజు చేతి డబ్బుతో కట్టినట్టవుతుంది, తల్లికి రాయితీ వస్తుంది. ఇది దొంగలెక్క కాదా సార్ అని రెజీనా రెండుసార్లు అడిగింది. చట్టంలో ఉన్నదే, అడిగినవాళ్ళకే దొరుకుతుందని ఆయన నవ్వాడు. ఆ రోజు ఇంటికెళుతూ రెజీనా దారిలో ఐస్‌క్రీమ్ కొనిపెట్టింది. చదువుకున్నవాళ్ళ పక్కన కూర్చుంటే ఎంత లాభమో చూశావా అంది.

ఇప్పుడాయన ప్రశ్నల కాగితం తీశాడు. పేర్లు, అడ్రసు, జీతం. ఒకటొకటే అడుగుతూ కంప్యూటర్‌లో ఎక్కించాడు.

"సరే. ఫోన్లో అడిగింది ఇదే కదా, రెజీనా. అమ్మాయి పోయిన ఏడాది ఎన్ని నెలలు చదువులో ఉంది?"

"ఐదు," అంది రెజీనా.

ఆయన చెయ్యి కీబోర్డు మీదికి వెళ్ళి ఆగింది. అలవాటు కొద్దీ కళ్ళజోడు పైనుంచి కెండ్రా వైపు చూశాడు. క్లాసులో కూడా ఒకరు జవాబు చెపితే ఇంకొకరి వైపు చూసి, సరేనా అని అడిగేవాడు.

"సరేనా, అమ్మాయ్?"

రెజీనా ఒళ్ళో సంచిని దగ్గరికి లాక్కుంది. కెండ్రాకి తల్లి మోచెయ్యి తన మోచేతికి తగులుతున్నట్టు తెలుస్తోంది. తగిలించిందో, తగిలిందో తెలియలేదు.

"ఏప్రిల్ ఇరవై నాలుగు సార్," అంది. "ఆ రోజు వదిలేశాను."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. అలా తుడుస్తూనే, తల్లిని గానీ కూతుర్ని గానీ చూడకుండా, మెల్లగా చెప్పాడు. నాలుగు నెలలకి ఒప్పుకోరు. విద్యార్థి కాకపోయినా ఇంటి మనిషిగా రాసుకునే ఇంకో దారి ఉంది గానీ, కెండ్రా సంపాదన ఐదు వేలు దాటింది కనక అదీ మూసుకుపోయింది. బిడ్డని రాసుకోకపోతే పిల్లలున్నవాళ్ళకి ఇచ్చే సాయం పోతుంది, ఫీజు రాయితీ పోతుంది. ఒంటరి మనిషి కిందే లెక్క కట్టాలి.

"ఎంత పోతుంది సార్?" అని అడిగింది రెజీనా.

ఆయన తెర వైపు చూశాడు. "దాదాపు ఐదు వేలు. నీ చేతికి మూడు వందల దాకా రావచ్చు."

"ఏడు రోజులకి."

"ఎక్కడో ఒక చోట గీత గియ్యాలి కదమ్మా. వాళ్ళు అక్కడ గీశారు."

రెజీనా తల ఊపింది. బల్ల మీద పరిచిన కాగితాలు తీసి, అంచులు సమంగా చేసి, ఒక్కటొక్కటిగా కవర్లో పెట్టింది. కాలేజీ కాగితం కూడా పెట్టింది. ఇంతలోనే లేస్తావేంటి, పూర్తిచేద్దాం అన్నాడాయన. మీ టైమ్ వృథా చేశాం సార్, ఏమనుకోకండి అంది. కుర్చీ బల్ల కిందికి జరిపి మరీ వెళ్ళింది.

కిటికీలోంచి కనిపిస్తోంది. ఆమె రోడ్డు దాటింది. ఎదురుగా ఒకప్పుడు వీడియో క్యాసెట్లు అద్దెకిచ్చిన కొట్లో, జనవరిలో తెరిచి ఏప్రిల్లో మూసేసే పన్నుల దుకాణం ఉంది. అక్కడ డబ్బు తీసుకుని కాగితాలు నింపుతారు. ఎక్కువ అడగరు. రెజీనా తలుపు ముందు ఒక్క క్షణం నిలబడి, లోపలికి వెళ్ళింది.

"వెళ్ళి పిలుచుకు రారాదూ?" అన్నాడు ఈవర్సోల్ సార్.

"నేను పిలిస్తే రాదు సార్."

అవతలి గదిలో ఎవరో చిన్న పిల్లాడికి కథ చదివి వినిపిస్తున్నారు.

"తెలిసి తెలిసి అలా రాస్తే," అన్నాడాయన, "ఒకటి రెండేళ్ళకి ఉత్తరం వస్తుంది. కాలేజీని తారీఖు అడుగుతారు. ఇచ్చిందంతా జరిమానాతో సహా కట్టమంటారు. అప్పటికి పళ్ళు నోట్లో ఉంటాయి, వెనక్కివ్వడం కుదరదు కదా." కీబోర్డు ముందుకి లాక్కున్నాడు. "నీ జీతం కాగితం తెచ్చావా?"

తెచ్చింది. గిడ్డంగి జీతంలో కోసుకున్న పన్ను తిరిగి రావాలంటే ఆమె తన కాగితం తను విడిగా పంపాలి. ఆయన కొత్త పేజీ తెరిచాడు. పేరు, పుట్టిన తేదీ. మూడో ప్రశ్న దగ్గర ఆగి, తెర ఆమె వైపు తిప్పాడు.

"ఇది నువ్వే చెప్పాలి. నిన్ను తమ మీద ఆధారపడ్డ మనిషిగా రాసుకోదగినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

కెండ్రా ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివింది.

"ఎవరూ లేరని రాస్తే ఏమవుతుంది సార్?"

"అది నిజమే అవుతుంది. ఫీజు రాయితీలో కొంత నీకే వస్తుంది. జీతంలో కోసుకున్నదీ కలిపితే పదమూడు వందల దాకా." ఆయన గొంతు తగ్గించాడు. "ఇంకొకటి. ఇది ముందు చేరితే, తర్వాత ఇంకెవరు నీ పేరు రాసి పంపినా కంప్యూటర్ తీసుకోదు, తిప్పికొడుతుంది. డబ్బు చేతికొచ్చాక పోవడం కంటే, రాకముందే తిరిగి రావడం నయం అంటాను నేను. కానీ ఆ పళ్ళు లేకుండా తింటున్నది నేను కాదు."

కెండ్రా కిటికీ వైపు చూసింది. అద్దం మీద ఎండ పడి దుకాణం లోపల ఎవరున్నారో కనిపించడం లేదు.

"లేరు సార్," అంది. "ఎవరూ లేరు."

ఆయన గడిలో గుర్తు పెట్టాడు. మిగతా పేజీలు పావుగంటలో అయిపోయాయి. సంతకానికి బదులు ఐదంకెలు ఆమె చేతే కొట్టించాడు. పంపనా అని అడిగాడు. పంపండి అంది. తెర మీద చిన్న చక్రం తిరిగి, ఆగి, చేరిందని చూపించింది.

"మీ అమ్మతో ఈ సంగతి ఇవాళే చెప్పు. అక్కడ సంతకం పెట్టకముందే చెపితే ఇంకా మంచిది."

"చెప్తాను సార్."

రోడ్డు దాటదామని మెట్లు దిగేసరికి రెజీనా అప్పటికే బయటికి వచ్చేసింది. ట్రక్కు ఎక్కి, ఇంజను వేసి, పక్క తలుపు లోపలినుంచి తెరిచి పట్టుకుంది. కెండ్రా ఎక్కి కూర్చుంది.

"అయిపోయింది," అంది రెజీనా. గొంతులో పొద్దుటి బిగువు లేదు. "ఆ కొట్లో కుర్రాడు చిన్నవాడే. ఒక్క ప్రశ్న అడగలేదు. విద్యార్థా అన్నాడు, అవునన్నాను. కాగితాలు సాయంత్రం పంపుతాడట. అంతే."

"అమ్మా."

"నన్ను చెప్పనీ. నువ్వు సార్ ముందు నిజం చెప్పావు. అది తప్పనను. నిన్ను అలాగే పెంచాను. ఆ కాగితం మీద సంతకం నాది. రేపు ఎవరన్నా అడిగితే నన్నే అడుగుతారు, నిన్ను కాదు. ఆ పాపం నాకొదిలెయ్."

ట్రక్కు కదిలింది. హీటరు మెల్లగా వేడెక్కుతోంది. రెజీనా ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని, రెండో చేత్తో కోటు జేబులోంచి కొత్త ప్లాస్టిక్ కార్డు తీసి కూతురి ఒళ్ళో వేసింది.

"ముందస్తుగా ఇచ్చారు. రావాల్సిన దాంట్లోంచి పదిహేను వందలు అప్పు. అసలు డబ్బు వచ్చాక అందులోంచి పట్టుకుంటారట. వడ్డీ లేదన్నాడు, ఫీజు మాత్రం ఉంది."

కెండ్రా కార్డుని చేతిలోకి తీసుకుంది. దాని మీద తల్లి పేరు లేదు, ఏ పేరూ లేదు. అంకెలు మాత్రమే ఉన్నాయి.

"కెమిస్ట్రీ అంత కష్టమా?" అని అడిగింది రెజీనా. ఇన్నాళ్ళకి ఆ సంగతి అడగడం అదే మొదలు. రోడ్డు మీదే చూపు పెట్టి అడిగింది. "నాకు చెప్పాల్సింది. నాకేం తెలియదనుకో. అయినా చెప్పాల్సింది. వచ్చి నీ గదిలో కూర్చునేదాన్ని."

కెండ్రాకి కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి. ఇప్పుడే చెప్పాలి. ఈ నిమిషంలో చెప్పకపోతే ఇంకెప్పటికీ చెప్పడం తన వల్ల కాదు. నోరు తెరిచింది.

"అమ్మా, నేను..."

"ఊఁ?"

నాలుగు రోడ్ల కూడలి వచ్చింది. ఇంటికి వెళ్ళాలంటే ఎడమకి తిరగాలి. రెజీనా కుడివైపు సిగ్నలు వేసింది.

"డాక్టరు శనివారాలు పన్నెండు దాకా ఉంటాడు," అంది. "బయానా కట్టేస్తే ఇవాళే కొలతలు తీస్తాడట. నువ్వు కూడా లోపలికి రా. నాకు ఒక్కదాన్నే వెళ్ళాలంటే భయం. ఏంటో అన్నావు?"

"ఏం లేదమ్మా," అంది కెండ్రా.

ట్రక్కు కుడివైపు తిరిగింది.